మూడో స్లాటు వారికి మనవి

దేన్నైనా దాని చోటు నుంచి కదపాలంటే ముందు దానితో మాట చెప్పుకోవాలి. అక్క మొగుడికున్న జబ్బు ఇదొక్కటే. మిగతా అన్ని విషయాల్లో ఆయన నిక్షేపంలాంటి మనిషి. కుర్చీ జరపాలంటే "అమ్మా, ఒక్క అడుగు పక్కకి" అంటాడు. ఫ్యాను ఆపబోతూ ఇక కాసేపు నడుం వాల్చమంటాడు. గోడ గడియారంలో బ్యాటరీ మార్చిన రోజున, రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టుకోమని దాన్ని బతిమాలాడు. తలలో తెల్లవెంట్రుక పీకేటప్పుడు కూడా దానికి ముందు కబురు చెప్తాడని, ఆ కబురు విని పక్కవన్నీ తెల్లబోతున్నాయని అక్క అంటుంది.

ఇంట్లో అయితే ఎలాగో సర్దుకుపోవచ్చు. అక్క తమ్ముడికి, అంటే ఆయన బావమరిదికి, ఖర్మ కాలి ఆయన దగ్గరే పని నేర్చుకోవాల్సి వచ్చింది. కాలేజీ మధ్యలో వదిలేసి రెండేళ్లు బలాదూర్ తిరిగాక, ఆసుపత్రుల్లో కంప్యూటర్లు చూసుకునే కంపెనీ యజమాని కాళ్లావేళ్లా పడి వాణ్ణి పనిలో పెట్టించింది ఆ బావే. కాబట్టి విసుక్కోవడానికి కూడా లేదు. విసుగు లోపలే ఉడుకుతుండేది.

పని పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. రక్తపరీక్షల గదికి ఆనుకుని, చెక్క గోడకు ఇవతల బీరువా అంత కంప్యూటరు ఉంటుంది. గోడ అవతల ఉన్న ఒక్కో పరీక్ష యంత్రానికీ ఇందులో ఒక్కో కార్డు, స్లాటు అనే ఒక్కో అరలో. యంత్రం తేల్చిన లెక్కను కార్డు అందుకుంటుంది. కార్డు పాడైతే కంప్యూటర్ని ఆపకుండానే మార్చొచ్చు, కాకపోతే పన్ను పీకినట్టు పీకకూడదు. లోపలి పెత్తనమంతా కెర్నెల్ అనే ప్రోగ్రాముది. అది స్లాటుకో ఫోల్డరు పెట్టి, అందులో పవర్ అని ఒక ఫైలు ఉంచుతుంది. ఫైల్లో ఒకటి ఉందంటే కార్డు మేలుకుని ఉన్నట్టు. అక్కడ సున్నా రాస్తే కెర్నెల్ ఆ కార్డుతో సంబంధాలు తెంచుకుని కరెంటు ఆపేస్తుంది, స్లాటు పక్కనున్న పచ్చదీపం ఆరిపోతుంది. అప్పుడు తీసి, కొత్తది పెట్టి, మళ్లీ ఒకటి రాయాలి. కోతికైనా పూటలో నేర్పొచ్చని బావమరిది అభిప్రాయం.

బావ మాత్రం ఆ సున్నా రాసేముందు లేచి నిలబడేవాడు. చొక్కా సర్దుకునేవాడు. చెయ్యెత్తి, ఖంగుమనే గొంతుతో మొదలుపెట్టేవాడు.

"మూడో స్లాటు వారికి మనవి. ఇన్నాళ్లూ రేయింబవళ్లు కష్టపడ్డారు. మరి కాసేపట్లో తమరికి సెలవు. చేతిలో ఉన్న పని ముగించుకోండి. కొత్తది మాత్రం ఎత్తుకోకండి."

అంతటితో అయిపోతే బాగుండు. తర్వాత అయిదు నిమిషాలు పైకప్పు చూస్తూ కూనిరాగం తీసేవాడు, కార్డు బట్టలు సర్దుకుంటోందేమో అన్నట్టు. గోడ అవతల కిసకిసలు. ఆసుపత్రి మొత్తానికి ఆయన పేరు వీడ్కోలు గారు. టీ కొట్టతను గ్లాసు వెనక్కి తీసుకుంటూ, దానికి చెప్పారా అని అడిగేవాడు. బావ నవ్వి, గ్లాసుకు కూడా రెండు మంచి మాటలు చెప్పేవాడు. పక్కన బావమరిది తలకాయ బొత్తాల దాకా వాలిపోయేది. ఓసారి పేర్లు రాసుకునే కౌంటరు అమ్మాయి తనంతట తాను పలకరించింది. వాడు జుట్టు సవరించుకునేలోగా, "మీరూ చెప్తారా వాటికి?" అనడిగింది. ఆ తర్వాత వారం పాటు వాడు వెనక మెట్ల మీదుగానే ఎక్కిదిగాడు.

ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాడు.

"బావా, కెర్నెల్‌కి చెవులుండవు. ఫైల్లో సున్నా పడితే చాలు."

"కెర్నెల్‌కి సున్నా చాల్రా. కాదని నేనెప్పుడన్నాను?" అని, ఆయన స్క్రూడ్రైవరు ఇటివ్వమన్నాడు. ఇచ్చేముందు వాడు దానికేమీ చెప్పలేదని కాస్త నొచ్చుకున్నట్టు కూడా కనిపించాడు.

దాంతో బావమరిది తిన్నగా యజమాని దగ్గరికి పోయాడు. ఆయన పక్కన నిలబడలేకపోతున్నానండీ, నన్ను వేరే ఎక్కడైనా పడెయ్యండి అన్నాడు. నగరానికి అవతలి కొసన కొత్త ఆసుపత్రి ఒకటి చేతికొస్తోందని యజమాని చెప్పాడు. సోమవారం రెండో స్లాటు కార్డు మార్చాలి, ఒక్కడివే చెయ్యి, మాట రాకుండా చేశావంటే ఆ ఆసుపత్రి నీదే అన్నాడు. వాడికి ఆ రెండు రోజులూ నిద్ర పట్టలేదు. వీడ్కోలు గారి బావమరిది అనే పేరు లేని చోట బతకడం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ పడుకున్నాడు.

సోమవారం పొద్దున బావ కింది అంతస్తులో మరో పని మీద ఉన్నాడు. బావమరిది తలుపు చేరేశాడు. మనవి లేదు, కూనిరాగం లేదు. రెండో ఫోల్డరు, పవర్ ఫైలు, సున్నా. పచ్చదీపం ఆరింది. పాతది తీశాడు, కొత్తది పెట్టాడు, ఒకటి రాశాడు. దీపం వెలిగింది. మూడు నిమిషాలు. కంప్యూటరు తుమ్మలేదు, దగ్గలేదు. కెర్నెల్ రాసుకునే చిట్టాలో ఒక్క ఫిర్యాదు లేదు. వాడు చేతులు దులుపుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

తలుపు తోసుకుని ల్యాబు పెద్దావిడ వచ్చింది. చేతులకు తొడుగులు తీయలేదు.

"ఎవరు తీశారు కార్డు?"

"నేనేనండీ. అంతా పద్ధతి ప్రకారమే. కెర్నెల్‌కి చెప్పే తీశాను."

"మరి మాకో?"

వాడికి అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. రెండో స్లాటుకు తగిలించిన యంత్రం, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసేది. అప్పుడే ఏడుగురి రక్తం ఎక్కించారు. యంత్రం గొట్టాలు ఖాళీ చేసి, మందు కలిపి, లెక్క చూసి పంపింది. అందుకోవాల్సిన కార్డు లేదు. రక్తం గడ్డకట్టింది, లెక్క గాలిలో కలిసింది. ఏడుగురినీ మళ్లీ పొడవాలి. ఈ పరీక్షకు వచ్చేవాళ్లు గుండెజబ్బుకు మందులు వాడేవాళ్లు. వారం వారం పొడిపించుకుని చేతులు అప్పటికే నీలంగా ఉంటాయి.

"ఆ పిచ్చి మాటలు వినపడితే మేం కొత్తవి ఎక్కించం. ఇవాళ వినపడలేదు. ఎక్కించాం," అని ఆవిడ వెళ్లిపోయింది.

కాలు మీది కాలు ఎప్పుడు దిగిందో వాడికి తెలియదు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. ఇన్నాళ్లూ బావను చూసి పడ్డ సిగ్గంతా కలిపినా ఇందులో పిసరంత లేదు. మాటలు మళ్లీ ఒక్కొక్కటే వినిపించాయి. చేతిలో ఉన్న పని ముగించుకోండి. కొత్తది ఎత్తుకోకండి. వాటిలో కార్డుకు చెప్పింది ఒక్క ముక్క కూడా లేదు.

బావ వచ్చాడు, విన్నాడు, కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి కుర్చీకి ఏమీ చెప్పలేదు.

"మొదట్లో కాగితం అంటించాన్రా, ఎవరూ చదవలేదు. ఫోన్ చేస్తే తొడుగుల చేతులతో ఎవరెత్తుతారు? కేకేస్తే, ఆసుపత్రిలో అరుపులేమిటని పెద్ద డాక్టరు చీవాట్లు పెట్టాడు. ఓరోజు చిరాకొచ్చి కార్డునే తిట్టాను. అవతల గొట్టాల చప్పుడు ఠక్కున ఆగింది. మెకానిక్ చెప్తే వినరు గానీ పిచ్చాడు మాట్లాడుతుంటే పని మానేసి వింటారు. సరే, పిచ్చాడిగానే ఖాయమైపోయాను."

"మరి ఇంట్లో కుర్చీకి ఎందుకు బావా?"

"సాధకం. ఎప్పుడో ఒకనాడు ఇక్కడ మర్చిపోతే?"

"అక్కకు తెలుసా?"

"చెప్పకు. వెంట్రుకలతో మాట్లాడేవాణ్ణని దానికి నా మీద కాస్త జాలి."

బయట వరండాలో ఏడుగురూ ఇంకా కూర్చునే ఉన్నారు. వాళ్లకు నేను చెప్పొస్తానని బావ లేవబోయాడు. బావమరిది ఆయన భుజం పట్టి కూర్చోబెట్టి, తనే వెళ్లాడు.

ఒక్కొక్కరి ముందూ వంగి చెప్పాడు. నా తప్పేనండీ, మళ్లీ రక్తం ఇవ్వాలి. ఒకాయన బండబూతు తిట్టాడు. ఒకామె చేతులు కొంగులో దాచుకుంది, అది తిట్టుకంటే గట్టిగా తగిలింది. ఆరుగురు అయ్యేసరికి జేబులో ఫోన్ మోగింది. యజమాని. పని అయిందా, ఆ ఆసుపత్రి నీ పేరున రాసెయ్యనా అని అడిగాడు.

"వద్దండీ. తప్పు చేశాను, వచ్చి చెప్తాను. ఇంకో ఏడాది బావ దగ్గరే ఉంచండి."

పక్కన నిలబడలేనన్నావుగా అన్నాడు యజమాని. మనసెందుకు మారిందో ఇక్కడ చెప్తే వరండా అంతా వింటుంది, బావ పిచ్చి గుట్టు బయటపడుతుంది. వాడు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

చివర్లో ఒక ముసలమ్మ. కార్డు, ఫైలు, సున్నా అంటూ వాడు చెప్పుకుపోతుంటే ఓపిగ్గా విని, ఎడమ చేతి మీది దూదిని తీసి ఒళ్లో పెట్టుకుంది. కుడి చేతి గాజులు పైకి తోసుకుంది.

"ఈ చేతికి నీ మీద ఇంకా కోపం లేదులే నాయనా," అంది. "దానికి తెలిసేలోపు ఆ సూదమ్మాయిని పిలు."