గోడ అవతలి మెట్లు

నిన్న మధ్యాహ్నం పంజాగుట్టలో ఒక కొత్త కట్టడాన్ని కొలుస్తుండగా చేతిలోని ఉక్కు టేపు జారింది. సర్రున చుట్టుకుని, పెట్టెలో టక్కుమని ఆగింది. ఖాళీ గదిలో ఆ చప్పుడు వినగానే అప్రయత్నంగా వెనుదిరిగి చూశాను. వెనుక ఎవరూ లేరు. ఆ టేపు రూతు మేడమ్‌ది. ఆమె పోయి మూడేళ్లు దాటింది.

అమీర్‌పేటలో, మెట్రో స్తంభాల నీడ పడే ఒక సందులో ఆమె కార్యాలయం ఉండేది. ఆమె లైసెన్సు ఉన్న ఇంజనీరు. భీమవరం నుంచి వచ్చిన నేను ఆమె దగ్గర పద్నాలుగేళ్లు కట్టడాల బొమ్మలు గీసినవాణ్ణి. ఏ కట్టడానికి వెళ్లినా టేపు తీయకముందే ఆమె 'ప్లాను చదివేది'. మంజూరైన కాగితం చేతబట్టుకుని గేటు నుంచి మొదలుపెట్టి, నడుస్తూ, ప్రతి గీతనూ పైకి పలికేది. "తలుపు. ఉంది. కిటికీ. ఉంది." ప్రార్థన చేస్తున్నట్టే ఉండేది ఆ గొంతు. మేస్త్రీలు నవ్వేవారు. "నవ్వనీ. కాగితం అబద్ధమాడితే గోడ సిగ్గుపడదు, మనమే పడాలె" అనేది.

నలభై రెండో ఏట నాకూ లైసెన్సు వచ్చింది. అప్పటికే నిబంధనలు మారాయి. వెనుకటిలా ఫైలు బల్ల మీంచి బల్ల మీదికి తిరగదు. కట్టడం ప్లాను ప్రకారమే పూర్తయిందని లైసెన్సు ఉన్నవాడు తానే ధ్రువీకరించాలి, ఆ మాటకు తానే బాధ్యుడు. నేను సంతోషించాను. మేడమ్ సంతోషించలేదు. "ఇంతకుముందు అబద్ధం పదిమంది చేతులు దాటి పోయేది. గిప్పుడు నీ చేతిలకెల్లి సీదా పోతది. యాదికుంచుకో."

నా మొదటి ఫైలు మా సందు చివరి ఐదంతస్తుల కట్టడం. ధ్రువపత్రం రాకముందే యజమాని పై మూడంతస్తుల్లో ఆడపిల్లల హాస్టల్ నడిపిస్తున్నాడు; కోచింగ్‌కు వచ్చిన పిల్లలు అరవై నలుగురు. నేను ముందువైపు మాత్రమే కొలిచి, తక్కిన భాగాన్ని మంజూరైన ప్లాను చూసి బల్ల దగ్గరే గీసేశాను. మా వృత్తిలో దీన్ని టేబుల్ సర్వే అంటారు. అందరూ చేస్తారు, ఎవరూ చెప్పుకోరు. నా డైరీలో ఇలా ఉంది: 'మంగళవారం, సాయంత్రం 5.40. చిత్రం పూర్తి. సంతకం మిగిలింది.'

తర్వాతి సోమవారం మేడమ్ నా చిత్రాన్ని ఒకసారి చూసి చెప్పులు వేసుకుంది. "పద, చదువుదాం."

ఐదో అంతస్తు వరండాలో ఆమె గొంతు సాఫీగా సాగింది. తలుపు. ఉంది. తలుపు. ఉంది. చివరికి చేరి ఆగిపోయింది. కాగితం మీద అక్కడ రెండో మెట్లదారి ఉంది. ఎదురుగా తెల్లటి గోడ ఉంది. పక్క కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. గోడ అవతల ఏమీ లేదు. కింద పార్కింగు దాకా ఉత్త గాలి. ఆ మెట్లు అసలు కట్టనే లేదు.

వాచ్‌మన్ యాదగిరి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "మీరు సుత విన్నరా మేడమ్? పోయిన బుధవారం కాడికెల్లి గా గోడ అవతల ఎవరో దిగుతున్నట్టు సప్పుడైతున్నది."

గదిలోంచి ఒక పిల్ల తొంగిచూసి నవ్వబోయింది. "రోజూ పగలు మూడింటికే వస్తది మేడమ్. దెయ్యం సుత కోచింగ్‌ల చేరినట్టుంది." కానీ ఆమె మంచం ఆ గోడకు దూరంగా, తలుపుకు అడ్డంగా జరిపి ఉంది.

"లెక్కపెట్టినవా?" అని మేడమ్ యాదగిరిని అడిగింది.

"పెట్టిన. తొమ్మిది మెట్లు దిగుతది, జర ఆగుతది. మల్ల ఎనిమిది. గట్లనే కింది దాంక."

ఆమె మంజూరైన ప్లాను తెరిచింది. అంతస్తుకు పద్దెనిమిది మెట్లు: తొమ్మిది, మలుపు, మళ్లీ తొమ్మిది. తర్వాత నా చిత్రం తెరిచి గోటితో ఒక్కొక్క గీతా లెక్కపెట్టింది. తొమ్మిది. మలుపు. ఎనిమిది. తొందరలో ఒక గీత వదిలేశాను; ఆ అంతస్తునే మిగతా నాలుగింటికీ అతికించాను. ఆ కాగితం అంతవరకు మా కార్యాలయం దాటి ఎక్కడికీ వెళ్లలేదు. యాదగిరికి చదువు రాదు.

గడియారం మూడుకు రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

"నువ్వు గీసిన మెట్ల మీదనే దిగుతున్నరు" అంది మేడమ్.

"ఎవరండీ?"

"ఇంకా దిగనోళ్లు. నిప్పంటుకున్ననాడు దిగాల్సినోళ్లు."

అప్పుడు విన్నాను. మెత్తని పాదాలు, చాలా. గోడకు అవతల, గాలిలో, తొందరగా. తొమ్మిది. ఆగడం. ఎనిమిది. ఆ తర్వాత ఉండవలసిన మెట్టు దగ్గర చప్పుడు లేదు. వరండాలోకి వచ్చి నిలబడ్డ ఆ పిల్ల మేడమ్ చీర కొంగు పట్టుకుంది. మేడమ్ ఆమె చేతి మీద చెయ్యి వేసి, నా వైపు కలం చాచింది. నేను గోడకే కాగితం ఆనించి నా చిత్రాన్ని అడ్డంగా కొట్టేసి, 'రెండో మెట్లదారి లేదు' అని రాసి సంతకం చేశాను. సంతకం వంకరగా వచ్చింది. తల ఎత్తేసరికి చప్పుడు లేదు.

సాయంత్రం యజమాని ఫోను చేశాడు. "కాగితం మీద మెట్లున్నాయి కదండీ, ఇంకేంటి మీ బాధ?"

"కాగితం మీదా లేవండీ ఇప్పుడు" అన్నాను.

ధ్రువపత్రం ఆగిపోయింది. పిల్లలు వేరే హాస్టళ్లకు వెళ్లారు. ఏడు నెలలకు ఆ గోడ పగలగొట్టి మెట్లు కట్టారు. మేడమూ నేనూ పైనుంచి చదువుకుంటూ దిగాం: తొమ్మిది, తొమ్మిది. కింద ఆమె టేపు నా చేతిలో పెట్టి, "ఇగ నాకు మోకాళ్ల నొప్పి. నువ్వే చదువు" అంది.

అప్పటి నుంచి ఇరవై ఏడు కట్టడాలు చదివాను, నిన్నటితో ఇరవై ఎనిమిది. చేతిలో ఆమె టేపు, నోట్లో ఆమె మాట: ఉంది, ఉంది. మలుపు తిరిగి ఎనిమిదో మెట్టు దిగాక మాత్రం నా కాలు ప్రతిసారీ గాలిలో ఒక క్షణం ఆగుతుంది. కింద రాయి తగిలిన తర్వాతే, 'ఉంది' అంటాను.