అన్నయ్య వాయించిన ధ్వని

కళ్లద్దాల దుకాణంలో రోజంతా అద్దాలు అరగదీసే అతను, ఇంటికి రాగానే చేతులు కడుక్కుని కంప్యూటరు ముందు కూర్చుంటాడు. తెర మీద పాతకాలపు సింథసైజరు బొమ్మ ఉంటుంది. అసలు వాద్యం కాదు, ఉన్నదంతా సాఫ్ట్‌వేరే. దాని మీటల్ని మౌస్‌తో వెంట్రుకవాసి తిప్పుతాడు, చెవి ఒగ్గి వింటాడు, తల అడ్డంగా ఊపుతాడు. అతను వెతికేది, ముప్పై ఏళ్ల కిందట వాళ్ల స్పేస్ రాక్ సంగీత బ్యాండులో అన్నయ్య ఇలాంటి సింథసైజరు మీద వాయించిన ధ్వని కోసం. చుక్కల వెనక నుంచి గాలి లేచి హాలు మొత్తాన్ని ఊడ్చుకుంటూ పోయినట్టుండేది. రికార్డింగు ఒక్కటీ మిగల్లేదు. కిందటేడు అన్నయ్యా పోయాడు.

ఆదివారం పొద్దున వదిన వచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంది. నాలుగు నిమిషాలయ్యాక చెంపలు తుడుచుకుంటూ, "అచ్చం మీ అన్నయ్యే. ఇంకేం మార్చకు" అంది. సంతోషిస్తాడనుకుంది. అతని ముఖం పాలిపోయింది.

"ఏమైందయ్యా?"

"కుదరనన్నాళ్లూ అన్నయ్య పక్కన కూర్చుని 'అలా కాదురా' అని తిడుతున్నట్టే ఉండేది వదినా. ఇప్పుడు కుదిరిపోయింది. ఇంక అన్నయ్యకి నాతో పనేముంది?"

వదిన హెడ్‌ఫోన్లు తగిలించుకుని మళ్లీ మొదటినుంచీ వింది. "చివర్లో ఆ గాలి ఇంకాస్త సన్నగా ఉండేదేమో" అంది.

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అతను కళ్లు తుడుచుకుని కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ఎంత సన్నగా, వదినా?"