తనంతట తాను ఏమీ చెయ్యని కంప్యూటర్

మా సందులో ముర్సిది అన్నయ్య కంప్యూటర్ మీద జోకు వెయ్యనివాళ్ళు లేరు. అందరికంటే ఎక్కువ వేసింది నేనే. పొద్దున్నే నా కొబ్బరిపాల అన్నం బండి దగ్గరికి వచ్చి, అరిటాకులో పొట్లం కట్టించుకుంటూ, "కంప్యూటర్ ఆన్ చేసి వచ్చాను తుకినా, నేను తిని వెళ్ళేసరికి లేస్తుంది" అనేవాడు. నేను ఊరుకుంటానా? "దానికీ ఓ పొట్లం కట్టమంటావా అన్నయ్యా, పాపం ముసలిది, పస్తుంటుందేమో" అనేదాన్ని. బండి చుట్టూ పీటల మీద కూచున్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. సోలో ఊళ్ళో పుట్టి పెరిగినవాడు కదా, ఎవరేమన్నా నవ్వి తలూపడమే ఆయనకి తెలిసిన జవాబు.

ఆయన హైస్కూల్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఆ కంప్యూటర్ కూడా ఆ స్కూలుదే. పాతసామాను కింద తీసేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. రిక్షాలో ఆయన కూచుని, ఒళ్ళో టీవీ అంత పెట్టె పెట్టుకుని, దాని వెనకనుంచి మొహం కనపడక "ఎవరు వస్తున్నారో" అని సందంతా చూసిన రోజు నాకింకా గుర్తే. పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఏదో పత్రికతో పాటు ఉచితంగా ఇచ్చిన సీడీలో వచ్చిందట. తెరమీద చూస్తే అంతా బూడిదరంగు. ఒక్క పువ్వు లేదు, ఒక్క రంగు లేదు. ఆయన భార్య కస్మిని వదిన దాన్ని "నా సవతి" అనేది. సవతికి రోజూ దుమ్ము దులిపేది మాత్రం ఆవిడే.

పాటలు రికార్డు చెయ్యడం ఆయనకి ఉద్యోగం కాదు, పిచ్చి. మా సందులో క్రోంచోంగ్ పాటల జట్టు ఒకటి ఉంది. రెండు చిన్న గిటార్లు, ఒక పెద్దది, మీటి వాయించే సెల్లో, ఒక వేణువు. వేణువు అన్నయ్యది, సెల్లో మా ఆయన హర్జోది. పాడేది మా అక్క పర్మియాతి. ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య ముందుగదిలో గోడలకి దూదిపరుపులు ఆనించి, ఒక్కొక్కళ్ళనీ కూచోబెట్టి రికార్డు చేసేవాడు. మసీదులో పిలుపు వస్తే ఆపాలి. రేకుల మీద వాన పడితే ఆపాలి. మాంసం ఉండల పులుసు అమ్మేవాడు చెక్కముక్క కొట్టుకుంటూ సందులోకి వస్తే ఆపాలి. ఒకసారి ఆపడం మరిచిపోతే, అక్క పాట మధ్యలో వాడి టకటక పడిపోయింది. తీసెయ్యమంటే అన్నయ్య ఒప్పుకోలేదు. వాడూ మన సందువాడేగా అన్నాడు.

కొత్తది కొనుక్కోమని ఆయనకి ఎంతమంది చెప్పారో. ఒకసారి నేనే విసిగిపోయి, ఈ డొక్కుదాన్ని పట్టుకుని వేలాడతావేం అన్నయ్యా అని గట్టిగా అడిగాను. "ఇది తనంతట తాను ఏమీ చెయ్యదు తుకినా. నేను చెప్పింది చేస్తుంది, చెప్పనిది చెయ్యదు" అన్నాడు. ఆ మాటకి కస్మిని వదిన వంటింట్లోంచి, "మా ఆయన కూడా అంతే, అందుకే కుదిరింది ఇద్దరికీ" అంది. నవ్వీ నవ్వీ నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి.

ఇక మా అక్క పాట గురించి చెప్పాలి. క్రోంచోంగ్‌లో వాయిద్యాలు తిన్నగా పోతుంటాయి. పాడేవాళ్ళు పోరు. వెనక వేలాడతారు. తాళం వచ్చి వెళ్ళిపోయాక, తీరిగ్గా వచ్చి మాటని దాని పక్కన కూచోబెడతారు. ఎంత వెనక ఉండాలో ఎవరూ నేర్పలేరు. మా అక్కకి పుట్టుకతో వచ్చింది. మనిషి కూడా అంతే. ఆమె సందు దాటుతుంటే మోటారు సైకిళ్ళు ఆగాల్సిందే తప్ప ఆమె అడుగు వేగం పెరగదు. అక్క మొదలుపెట్టేదాకా జట్టువాళ్ళు ముందువాయింపునే తిప్పి తిప్పి వాయిస్తూ, ఆమె మొహం వైపు చూస్తూ కూచునేవాళ్ళు. ఆమె ఊపిరి తీసుకుందంటే అప్పుడు పాట.

పోయిన ఏడాది అక్క గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. మాట్లాడితే గుసగుసే. అక్క ఏడవలేదు, ఎవర్నీ ఏమీ అనలేదు. ఇంట్లోంచి రావడం మానేసింది, అంతే. నా బండి దగ్గరికి కూడా రాదు. ఆగస్టు వచ్చింది. స్వాతంత్ర్యదినం ముందురోజు సాయంత్రం సందులో చాపలు పరిచి, పసుపన్నం కుప్పపోసి, అందరం కూచుని తింటాం. అక్క అక్కడ పాడని ఏడు లేదు. ఈసారి అసలు రానంది. ఇప్పుడు రాకపోతే ఇంకెప్పటికీ రాదని నాకు తెలుసు. ఆ గుమ్మం లోపల ఉండడం అలవాటైపోతే మనిషి అక్కడే ఉండిపోతుంది. నాకున్నది ఒక్కతే అక్క.

అప్పుడు అన్నయ్య ఒక మాట అన్నాడు. పర్మి గొంతు నా కంప్యూటర్‌లో ఉందిగా, పాట అది పాడుతుంది, మనం ఎదురుగా కూచుని వాయిద్దాం, పర్మి మధ్యలో కుర్చీలో కూచోవాలి అని. అక్కకి చెబితే వెంటనే కాదనలేదు. ముందు ఒకసారి విని చూస్తానంది. అన్ని నెలల్లో ఆమె నోట విన్న మంచిమాట అదే. నేను ఆ రోజు అన్నంలో ఉప్పు వెయ్యడం కూడా మరిచిపోయాను.

సరిగ్గా ఆ వారమే అన్నయ్య అల్లుడు రిద్వాన్ జకార్తా నుంచి దిగాడు. పుట్టింది మెదాన్‌లో. మంచివాడు, కానీ ఆ ఊరివాళ్ళందరిలాగే మాట్లాడితే పక్కవీధికి వినిపిస్తుంది, మనసులో ఉన్నది మొహం మీద అనేస్తాడు. మామగారికి కొత్త కంప్యూటర్ తెచ్చాడు, అట్టముక్కలా పల్చగా ఉంది. అందులో కొత్త సాఫ్ట్‌వేర్. పాతదాన్ని మేజా మీంచి దింపి కుట్టుమిషన్ కింద పెట్టేశాడు. అక్క గొంతు వరకు కొత్తదాంట్లోకి ఎక్కించి, "మామయ్యా, గొంతు తాళానికి అందట్లేదు, అక్కడక్కడ చప్పుళ్ళున్నాయి, శుభ్రం చేసెయ్యనా?" అని అడిగాడు. అన్నయ్య నవ్వి తలూపాడు.

సోలోవాడెవడైనా ఆ నవ్వు చూస్తే, అమ్మో వద్దంటున్నాడు అని చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. మేం మొహం మీద కాదనం. ఎదుటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారని నవ్వి తలూపుతాం, వాళ్ళే అర్థం చేసుకోవాలి. మెదాన్ పిల్లాడికి అదంతా ఎవరు చెప్పారు? సరేనన్నారనుకున్నాడు. రాత్రికి రాత్రి కాదు, నేను వంకాయలు తరిగేలోపు అయిపోయిందట ఆ శుభ్రం.

మర్నాడు అక్కని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. రిద్వాన్ కుర్చీ వేశాడు, టీ ఇచ్చాడు, పాట పెట్టాడు. అక్క గొంతే. కానీ ప్రతి మాటా తాళం మీద ఠంచనుగా పడుతోంది, స్కూల్లో పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు. ఊపిరి తీసుకునే చప్పుడు ఒక్కటీ లేదు. చెక్కముక్క టకటక లేదు. అన్నయ్య మొహం పాలిపోయింది. అక్క చివరిదాకా వింది. తర్వాత గుసగుసగా, "ఇన్నేళ్ళూ నేను ఆలస్యంగా పాడానన్నమాట. ఎవరూ చెప్పలేదే" అంది. టీ ముట్టుకోకుండా లేచి వెళ్ళిపోయింది.

నా నోరు మంచిది కాదు, అందరికీ తెలుసు. రిద్వాన్‌ని పట్టుకుని నిలబెట్టి కడిగేశాను. దేవుడిచ్చిన గొంతుని ఇస్త్రీ చెయ్యడానికి నువ్వెవడివి అన్నాను. పాపం, వాడికి ఏం జరిగిందో కూడా తెలీలేదు. "పిన్నీ, మామయ్య సరే అన్నారు. మీరే అడగండి" అన్నాడు. అన్నయ్య వైపు తిరిగాను. ఆయన తలొంచుకుని కుట్టుమిషన్ కిందకి దూరుతున్నాడు. పాతదాన్ని బయటికి లాగి, దానిమీద కస్మిని వదిన కప్పిన బాతిక్ గుడ్డ తీసి మడతపెట్టి, తీగలన్నీ ఒక్కొక్కటే తగిలించి మీట నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. లోపల్నుంచి ఏదో దగ్గినట్టు దగ్గి, ఫ్యాను తిరిగింది. అప్పుడు కస్మిని వదిన, "లేచింది నా సవతి" అని కొంగుతో మొహం తుడుచుకుంది.

అంతా అలాగే ఉంది. అక్క ఊపిరి, ఆ తీరిక, మధ్యలో టకటక, అంతా. రిద్వాన్ కదలకుండా విన్నాడు. వాడూ మూర్ఖుడు కాదు, తేడా వాడికీ వినిపించింది. "ఇందులో తాళం సరిచేసే మీట ఎక్కడుంది మామయ్యా?" అని అడిగాడు. లేదని అన్నయ్య చెప్పాడు. "అందుకా" అన్నాడు వాడు, అంతే.

కానీ అక్క? కంప్యూటర్‌ని లేపినంత తేలిక కాదు అక్కని లేపడం. నేను వెళ్ళి బతిమాలాను, తిట్టాను, మళ్ళీ బతిమాలాను. తలుపు సగమే తీసింది. అప్పుడు అన్నయ్య వచ్చాడు. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, పండగకి వచ్చినట్టు. మామూలుగా ఆయన అసలు సంగతికి రావాలంటే ముందు వాన గురించి, పావురాల గురించి, మిరపకాయల ధర గురించి ఒక చుట్టు తిరిగి రావాలి. ఆ రోజు గుమ్మంలో నిలబడే చెప్పేశాడు.

"పర్మీ, మా అల్లుడు అడిగినప్పుడు నేను వద్దనాల్సింది. నవ్వి తలూపాను. నా తప్పు. నువ్వు ఎప్పుడూ ఆలస్యంగా పాడలేదు. మేం పరిగెత్తకుండా నువ్వు మమ్మల్ని పట్టుకునేదానివి. అందుకే నీ గొంతులో నేను ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం కదపలేదు. రేపు ఇంట్లో కూచోవద్దు."

నేను పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒకళ్ళ మొహం మీద "వద్దు" అనడం నేను వినలేదు. చెవులదాకా ఎర్రబడ్డాడు. అక్క ఆయన్ని చూసింది. తర్వాత నవ్వి, తలూపింది.

నా ప్రాణం ఉసూరుమంది. ఆమెదీ సోలోయే కదా.

మర్నాడు సాయంత్రం చాపలు పరిచారు. రిద్వాన్ పాత పెట్టెని గుండెకి హత్తుకుని సందు పొడుగునా మోసుకొచ్చాడు. అంత బరువెందుకు మామయ్యా, పాతదాంట్లోంచి మళ్ళీ కాపీ చేసి నా ఫోన్‌లో పెడతాను, ఈసారి ఏమీ ముట్టుకోను అన్నాడట. అన్నయ్య "వద్దు" అన్నాడట. ఒకసారి నోరు తిరిగాక మనిషి వదిలిపెట్టట్లేదు. మధ్యలో అక్క కుర్చీ వేశారు. పసుపన్నం పంచారు, తిన్నారు, చేతులు కడిగారు. కుర్చీ ఖాళీగానే ఉంది. సందు పెద్ద ఇక మొదలుపెట్టమన్నాడు. జట్టు ముందువాయింపు ఎత్తుకుంది. అన్నయ్య వేణువు పక్కన పెట్టి, మీట మీద వేలు ఉంచి కూచున్నాడు.

ముందువాయింపు అయిపోయింది. ఆయన నొక్కలేదు. మా ఆయన ఏమీ అడక్కుండా సెల్లో మీద మళ్ళీ మొదటికి వెళ్ళాడు. మళ్ళీ తిరిగింది. మళ్ళీ. జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. రిద్వాన్ లేవబోతే చెయ్యి పట్టుకుని కూచోబెట్టాను. అలా తిప్పుతూనే ఉండాలని వాడికేం తెలుసు. ఇన్నేళ్ళూ అక్క కోసం అలా తిప్పినవాళ్ళే వాళ్ళంతా.

అప్పుడు సందు మలుపులో ఆకుపచ్చ కెబాయా రవికె కనపడింది. పరుగు లేదు, తొందర లేదు. మోటారు సైకిల్ మీద వస్తున్నవాడెవడో ఆగి ఇంజను ఆపేశాడు. అక్క చాపల మధ్యనుంచి, కాళ్ళు తొక్కకుండా, ఒక్కొక్కళ్ళ భుజం తాకుతూ వచ్చి కుర్చీలో కూచుంది. కొంగు సర్దుకుంది. వాయించేవాళ్ళంతా ఆమె మొహం వైపే చూస్తున్నారు. అక్క కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకుంది. అన్నయ్య మీట నొక్కాడు.

స్పీకర్లోంచి ముందు వచ్చింది పాట కాదు, ఆమె ఊపిరే. తర్వాత తాళం వచ్చి వెళ్ళిపోయింది. ఆ తర్వాత, తీరిగ్గా, మా అక్క గొంతు వచ్చింది. ఆమె పెదాలు కదులుతున్నాయి. మా ఆయన ఒక్కసారి కూడా స్పీకర్ వైపు చూడలేదు, ఆమె పెదాలు చూసే వాయించాడు. ఎక్కడా తప్పలేదు. మధ్యలో టకటక వినపడితే, పులుసు అమ్మేవాడు చాప మీంచి, "నేనే, నేనే" అని చెయ్యెత్తాడు. అక్క నవ్వింది. మళ్ళీ ఆమె నవ్వు చూస్తానని నేను అనుకోలేదు. అన్నయ్యకి, ఆ బూడిదరంగు తెరకి, దాన్ని తయారుచేసిన వాళ్ళెవరో వాళ్ళకి, మనసులోనే చేతులెత్తి దండం పెట్టుకున్నాను.

పొద్దున్న అన్నయ్య బండి దగ్గరికి వచ్చాడు. కంప్యూటర్ ఆన్ చేసి వచ్చానన్నాడు. నేను రెండు పొట్లాలు కట్టాను. రెండోది ఎవరికని అడిగితే నీ ముసలిదానికి అన్నాను. పీట మీద కూచుని తింటున్న అక్క తలెత్తి ఆయన వైపు చూసింది. ఆయన నవ్వి తలూపలేదు, రెండోది వద్దన్నాడు. నేను వినలేదు, సంచిలో పెట్టేశాను.