మా మళ్ళోసారి బావ

జరిగినదాన్ని కళ్ళముందు ఇంకోసారి జరిపించుకుంటే తప్ప మా బావ నమ్మడు. ఆయనకున్న జబ్బల్లా ఇదొక్కటే. "మళ్ళోసారి కానివ్వండి" అనేది ఆయన ఊతపదం. మా కార్ల షెడ్డులో అందరూ ఆయన్ని మళ్ళోసారి గారనే పిలుస్తారు. నేను మాత్రం బావ అంటాను. అక్కనిచ్చాం కదా, తప్పదు.

ఇంట్లోనూ ఇదే వరస. ఒకరోజు మా అక్క "మిక్సీ తిరగడం లేదండీ" అంది.

"తిరగనప్పుడు నువ్వెక్కడ నుంచున్నావు?"

"మీ నెత్తి మీద!"

"అక్కడ కాదులే. సరిగ్గా గుర్తు తెచ్చుకో."

షెడ్డులో బావ పని ఫిర్యాదులు రాసుకోవడం, నాది కరెంటు పని. ఆ ఏడాది మా కంపెనీ ఓ కొత్త ఎస్‌యూవీ దించింది. చూడటానికి ఏనుగంత బండి. కొన్న నెలకల్లా ఓనర్లు మా గేటు దగ్గర బారులు తీరారు. ఒకరి బండికి అద్దం దానంతటదే దిగిపోతుంది. ఇంకొకరు ఎడమవైపు ఇండికేటరు వేస్తే కుడివైపు తలుపుకి తాళం పడుతుంది. నేను కంప్యూటరు తగిలిస్తే "లోపం లేదు" అని చూపిస్తుంది. ఓనర్లు నావైపు చూసేవాళ్ళు, నేను కంప్యూటరు వైపు చూసేవాణ్ణి, అది ఎవరివైపూ చూసేది కాదు. ఎవరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

ఓ కాంట్రాక్టరు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "హారన్ కొడితే వైపర్లు తిరుగుతున్నాయండీ. ఎవరికి చెప్పినా నన్ను చూసి నవ్వుతున్నారు."

"ఎవరిని చూసి కొట్టారు హారను?" అన్నాడు బావ.

"గేదెనండీ. రోడ్డుకి అడ్డంగా నుంచుంది."

బావ మెల్లిగా నావైపు తిరిగాడు.

"చచ్చినా నుంచోను" అన్నాను.

ఐదు నిమిషాల్లో బండి ముందు అడ్డంగా నుంచున్నాను. పదేళ్ళ అనుభవమున్న ఎలక్ట్రీషియన్ని! పైగా "అంత చురుగ్గా కదలకు, గేదెలు నింపాదిగా ఉంటాయి" అని బావ సలహా ఒకటి. కాంట్రాక్టరు పొట్ట పట్టుకుని నవ్వుతూ, నన్ను తప్పించడానికి స్టీరింగు పూర్తిగా తిప్పి హారన్ కొట్టాడు. వైపర్లు టపటపా కొట్టుకున్నాయి. చూస్తే స్టీరింగు కింద రెండు వైర్లు రాసుకుంటున్నాయి. కారణం దొరికింది, సంతోషమే. కానీ వారం రోజులు షెడ్డులో అందరూ నాకు గడ్డిపరకలు చూపించారు.

ఆ తర్వాత రిటైరైన టీచరమ్మ ఒకావిడ వచ్చింది. రావడం అది నాలుగోసారి. మనిషి పొట్టి, గొంతు గట్టి. నడుస్తూ నడుస్తూ స్టీరింగు ఎదురుగా ఉన్న మీటర్ల తెర నల్లబడి బండి ఆగిపోతుందని ఆవిడ ఫిర్యాదు. మూడుసార్లూ నేనే నడిపి చూశాను, నిక్షేపంలా నడిచింది. ఈసారి కొడుకు కూడా వెంట వచ్చాడు.

"నేను నడిపితే ఏమీ అవ్వదు సార్. అమ్మకి డెబ్బై దగ్గరపడ్డాయి. కంగారులో ఏదో నొక్కేస్తోంది. ఇక తాళం నేనే ఉంచేసుకుంటాను" అన్నాడు.

"మరి వారానికి రెండుసార్లు పిన్నిని ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారురా?" అంది టీచరమ్మ.

"ఏదో చూద్దాంలే అమ్మా."

ఆవిడ గట్టి గొంతు కాస్తా చిన్నదైపోయింది. "ఏమో నాయనా, నిజంగా నేనే నొక్కుతున్నానేమో" అంది నాతో. లోపం లేదని మూడుసార్లు సంతకం పెట్టింది నేనే. నాకు సిగ్గేసింది.

బావ మాత్రం తాపీగా "బండి ఇక్కడ వదిలేసి రేపు పదింటికి ఇద్దరూ రండి" అన్నాడు.

"నేనెందుకు సార్?" అన్నాడు కొడుకు.

"పిన్నిగారి సీట్లో బరువు ఉండాలి కదండీ. రేపు మీరే పిన్నిగారు."

మర్నాడు షెడ్డు ఆవరణలో నాటకం మొదలైంది. టీచరమ్మ స్టీరింగు ముందు, పిన్నిగారి వేషంలో కొడుకు పక్కన. నేను వెనకసీట్లో పిన్నిగారి సంచిని. "సంచులు మాట్లాడవు" అని ముందే హెచ్చరిక.

"సీటు ఎప్పుడూ ఎలా పెట్టుకుంటారో అలాగే పెట్టుకోండమ్మా" అన్నాడు బావ.

ఆవిడ సీటుని చివరికంటా ముందుకి లాక్కుంది. అప్పుడు వెలిగింది నాకు. బండి ఎక్కగానే మేమంతా చేసే మొదటి పని ఆ సీటుని వెనక్కి నెట్టడం. మూడుసార్లూ నేనదే చేశాను!

గేటు దగ్గరున్న స్పీడ్ బ్రేకరు ఎక్కగానే తెర నల్లబడింది. బండి ఆగిపోయింది.

"అమ్మా, ఏం నొక్కావ్?" అన్నాడు కొడుకు.

"రెండు చేతులూ ఇక్కడే ఉన్నాయి కదరా!"

"మళ్ళోసారి" అన్నాడు బావ. మళ్ళీ ఆగింది. "ఇప్పుడు అబ్బాయిగారు నడపాలి. సీటు మాత్రం జరపకూడదు."

ఆ ఆరడుగుల మనిషి మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని నడిపాడు. స్పీడ్ బ్రేకరు ఎక్కాడు. తెర నల్లబడింది.

"నేనేం నొక్కలేదు!" అని కేకపెట్టాడు.

"అమ్మగారూ నాలుగుసార్లు అదే అన్నారండీ" అన్నాడు బావ.

కొడుకు కాసేపు కదల్లేదు. కదలడానికి చోటూ లేదనుకోండి. ఆఖరికి దిగి తాళం తల్లి చేతిలో పెట్టి, "సారీ అమ్మా" అని గొణిగాడు.

"గట్టిగా చెప్పరా, వెనకబెంచీకి వినపడలేదు" అంది టీచరమ్మ. గొంతు తిరిగొచ్చేసింది.

లోపమెక్కడో వెతకడానికి నేను సీటు కిందకి దూరాను. సీటు ముందుకి జరిగినప్పుడల్లా అది జారే ఇనప పట్టా కింద పడి నలిగిపోయిన వైరు కనిపించింది. దానికి ఒక చీటీ కట్టి ఉంది. "మార్చాలి" అని బావ చేతిరాత. కింద నిన్నటి తేదీ.

"నిన్ననే దొరికిందా బావా?"

"ఊఁ."

"మరి ఈ నాటకమంతా ఎందుకు?"

"వైరుని నేను చూశాను. వాళ్ళబ్బాయి చూడలేదుగా."

మా బావ బంగారం అనిపించింది. అంతలోనే అనుమానం వచ్చింది. "ఆగాగు. ఆ కాంట్రాక్టరు బండి సంగతీ నీకు ముందే తెలుసా?"

"ఆ పొద్దున ఇంకో బండిలో అదే చూశాను."

"మరి నన్ను గేదెను ఎందుకు చేశావు?"

"అందరూ తనని చూసి నవ్వుతున్నారని బెంగపెట్టుకున్నాడురా పాపం. కాసేపు ఆయన కూడా ఎవర్నో ఒకర్ని చూసి నవ్వాలిగా."

నేను నోరు తెరిచేలోపే గేటులోంచి మరో ఓనరు లోపలికి వచ్చాడు. "సార్, వీధిలో కుక్క అరిస్తే మా బండి డిక్కీ తెరుచుకుంటోందండీ!"

బావ మెల్లిగా నావైపు తిరిగాడు.

"పెద్ద కుక్కా, చిన్న కుక్కా అండీ?" అని నేనే అడిగాను.