పెరటి మెట్టు మీద చల్లటి నిప్పు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఉండేది కాదు. ఇరవై తొమ్మిదేళ్ళ వయసు, ఒక పీజీ, పది నెలల కూతురు, ఇంగ్లండులోని స్విండన్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, అంటే ఎదుటివాళ్ళ తప్పులు పట్టుకున్నందుకు నెలనెలా జీతం. ఇన్ని ఉన్న మనిషికి ఇంకొకరు చెప్పడానికి ఏం మిగులుతుంది? మా పేట డాక్టరు రాసిచ్చిన మందు గురించి ఆ డాక్టరుతోనే వాదించేదాన్ని. బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే డ్రైవరుకి టైం టేబుల్ చదివి వినిపించేదాన్ని. ఇప్పుడు నలభై దాటాక తెలియనివే ఎక్కువయ్యాయి (వాదన మాత్రం తగ్గలేదని మా ఆయన అంటాడు, అది తప్పని నేను ఆయనకు చాలాసార్లు నిరూపించాను).

సంగతేమిటంటే, నా మెటర్నిటీ లీవు ఇంకో మూడు వారాల్లో అయిపోతోంది. నర్సరీలో మా పాపకు సెప్టెంబరు దాకా చోటు లేదు. ఆఫీసువాళ్ళు లీవు ఇంకొక్క రోజు కూడా పొడిగించేది లేదన్నారు. అందుకని శ్రీకాకుళం దగ్గర పల్లెనుంచి మా అత్త ఆరు నెలల వీసా మీద వచ్చింది. ఆవిడ ఉంటే నా ఉద్యోగం ఉన్నట్టు, వెళ్ళిపోతే పోయినట్టు. ఆవిడ సూట్‌కేసు విప్పితే పాపకు వెండి ఉగ్గుగిన్నె, ఒక డబ్బా నిండా అరిసెలు, పాత చీరలో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టిన మూడు కట్టల చుట్టలు బయటపడ్డాయి.

నేను బెజవాడలో పెరిగినదాన్ని. చుట్టలు కాల్చే తాతలను చూశానుగానీ, అడ్డపొగ అన్నది వినడమే తప్ప ఎప్పుడూ చూడలేదు. మర్నాడు పొద్దున మా అత్త పెరట్లో మెట్టు మీద కూర్చుని, చుట్ట అంటించి, నాలుగు దమ్ములు లాగి, ఎర్రగా కాలుతున్న కొసను చటుక్కున నోట్లోకి తిప్పి పెదవులు మూసేసింది. చేతిలో టీ కప్పుతో అలాగే నిలబడిపోయాను. ఆవిడ తీరిగ్గా ముక్కులోంచి పొగ వదిలి, "సక్కెర ఏసినావా?" అంది.

రెండు రోజులు ఓర్చుకున్నాను (నాకు అది రికార్డు). మూడో రోజు నోరు తెరిచాను. చుట్ట కాల్చిన గంట వరకూ పాపను ఎత్తుకోకూడదు, స్వెటర్ మార్చాలి, చేతులు సబ్బుతో కడగాలి, అసలు ఆ నిప్పుతో అంగిలికి ఎంత జబ్బో తెలుసా అని, ఒకటి తరవాత ఒకటి, ఆఫీసులో బగ్గులు చదివినట్టు చదివాను.

"ఈ సేతుల్తోనే ముగ్గుర్ని పెంచినాను. అందులో ఒకడు నీ మొగుడు" అంది మా అత్త.

"అప్పుడు మీకు చెప్పేవాళ్ళు లేరు అత్తయ్యా. ఇప్పుడు నేనున్నాను."

"నా సుట్ట వద్దు, నా సేతులు మాత్తరం కావాల. రెండూ ఒక్క మనిసివే కదేటే?"

"చేతులు కడుక్కోమన్నానండీ, నరుక్కోమనలేదు."

ఈ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ కొడుకు వైపు తిరిగి, "టిక్కెట్టు మార్పించీ నాయినా. నానెల్లిపోతాను" అంది. మా ఆయన ఇద్దరినీ చూసి, అది చెత్తబండి వచ్చే రోజు కాకపోయినా చెత్తబిన్ను బయట పెట్టి వస్తానని వెళ్ళిపోయాడు. ఆవిడ వంటింటి గుమ్మంలో ఆగి, నా వైపు చూడకుండా అంది: "నిప్పు నోట్లో ఎందుకు దాసుకుంటామో ఎరికేటే నీకు? ఒళ్ళో పసిగుంటల మీద నిప్పురవ్వ రాలకుండా."

ఆ సాయంత్రం తలుపు తట్టింది పక్కింటి పెద్దాయన. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. మా అత్త అప్పటికే ఆయనకు రైలుబాబు అని పేరు పెట్టేసింది. "మిమ్మల్ని కంగారు పెట్టాలని కాదు, మీ అమ్మగారు చుట్టను తిరగేసి పెట్టుకున్నారు, అది వెలుగుతోంది కూడా" అన్నాడు, వాన పడేలా ఉందన్నంత నెమ్మదిగా. నేను పరిస్థితి వివరించాను. ఆయన చాలాసేపు తలూపి, జేబులోంచి తెల్లటి సిగరెట్‌లాంటిది తీశాడు. పీలిస్తే కొసన ఎర్ర లైటు వెలుగుతుంది, పొగ బదులు ఆవిరి వస్తుంది. దాని పుణ్యమా అని నలభై ఏళ్ళ సిగరెట్లు మానేశానన్నాడు.

మర్నాడు పాపను ప్రామ్‌లో వేసుకుని టౌన్ సెంటర్‌కి వెళ్ళి, ఆ ఎలక్ట్రానిక్ సిగరెట్ కొన్నాను. రాత్రి కూర్చుని దాని గురించి దొరికినదంతా చదివాను. పొద్దున మెట్టు మీద మా అత్తకు పాఠం మొదలుపెట్టాను. ఇది బ్యాటరీ, ఇది నికొటిన్ ద్రవం ఉండే కాట్రిడ్జి, ఇందులో బూడిద ఉండదు, నిప్పు ఉండదు.

"నిప్పు నేకుండా ఏటి కాల్సడం?"

"చూడండి" అని ఒక దమ్ము లాగాను. జీవితంలో మొదటి దమ్ము. కొస ఎర్రగా వెలిగింది. నేను దగ్గుతూ కళ్ళు తుడుచుకునేలోగా ఆవిడ దాన్ని అందుకుని, వెలుగుతున్న కొసను చటుక్కున లోపలికి తిప్పి నోరు మూసేసింది.

ఎదుటివాళ్ళ తప్పులు పట్టుకునే ఉద్యోగం కదా నాది. నాలుగైదు రోజులుగా కళ్ళ ముందు జరుగుతున్న ఒకే ఒక్క విషయం నా పాఠంలో లేదు.

"అటు కాదండీ, ఇటు."

"మరి నిప్పు బైటుంటే?"

"అది నిప్పు కాదు, లైటు."

ఆవిడ తీసి చూసింది. అప్పటికి లైటు పోయింది. "ఆరిపోనాది. మల్లీ అంటించి ఇయ్యి" అని నా చేతిలో పెట్టింది. మళ్ళీ లాగాను, మళ్ళీ వెలిగింది, మళ్ళీ తిప్పి పెట్టుకుంది. వెనక కొసనుంచి ఎంత లాగినా అందులోంచి ఏమీ రాదని నాకు తెలుసు. చెప్పాను కూడా. "సల్లటి నిప్పు. ఈ దేశంలో అన్నీ అంతే" అని మా అత్త కళ్ళు మూసుకుంది. టిక్కెట్టు మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. నేనూ నోరు మూసుకుని, అడిగినప్పుడల్లా అంటించి ఇచ్చాను. (పాప అప్పటికి పూర్తిగా పోతపాలకు మారింది. నాకు బుద్ధి చెప్పబోయే చదువరులు శాంతించగలరు.)

నా ఉద్యోగం మొదలైంది. పొద్దున బస్సుకు ముందు మెట్టు మీద పది నిమిషాలు, సాయంత్రం వచ్చాక అరగంట. పాప లోపల నిద్రపోతుంటే, నేను వెలిగించి ఇవ్వడం, ఆవిడ నోట్లో పెట్టుకుని ఊరి కబుర్లు చెప్పడం, ఆరిందని తిరిగి ఇవ్వడం. అప్పుడప్పుడు ఆవిడ "నీకొక సంగతి సెప్పాలే" అని మొదలుపెడితే, మధ్యలోనే అందుకుని నా ఆఫీసు సంగతులు చెప్పేదాన్ని. పగలంతా నాకోసం కాచుకునేది. మా ఆయన ఒకసారి తను వెలిగిస్తానని చెయ్యి చాపాడు. "కోడలుండగా నీకేటిరా?" అని ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. గోడ అవతలనుంచి రైలుబాబు తన సిగరెట్ ఎత్తి నమస్కారం పెట్టేవాడు. మేలోనే చుట్టల కట్టలకు బూజు పట్టింది. నికొటిన్ ఒక్క చుక్క లోపలికి పోకుండా, తప్పు కొసనుంచి ఎలక్ట్రానిక్ సిగరెట్ కాల్చి చుట్ట మానేసిన మనిషి ఈ దేశం మొత్తంలో మా అత్త ఒక్కతే అయ్యుంటుంది.

ఆ నికొటిన్ ఎటు పోయిందన్నది జూన్‌లో తెలిసింది. ఆఫీసులో పదకొండు అయ్యేసరికి నా చెయ్యి దానంతట అదే బ్యాగులోకి వెళ్ళేది. మీటింగుల్లో మామూలుకన్నా ఎక్కువ అరిచేదాన్ని (అది గుర్తుపట్టడానికి మా టీముకు కొంత సమయం పట్టింది). చివరికి నాకోసం ఇంకొకటి కొని పాప డైపర్ల సంచీలో దాచాను. మా ఆయనకు దొరికింది. "అమ్మకు రెండెందుకు?" అన్నాడు. "స్పేర్" అన్నాను. ఆయన నమ్మాడు. అబద్ధం కన్నా ఆ నమ్మకానికే నాకు ఎక్కువ సిగ్గేసింది.

ఆగస్టు చివర, మా అత్త ప్రయాణానికి నాలుగు రోజుల ముందు, మెట్టు మీద నేనే బయటపెట్టాను. "అత్తయ్యా, మీరు మానేశారు. నాకు పట్టుకుంది."

ఆవిడ ఆశ్చర్యపోలేదు. నోట్లోంచి చల్లటి నిప్పు తీసి, కొంగుతో తుడిచింది. "నాను కాపరానికొచ్చీనప్పుడు పదిహేనేళ్ళు. మా అత్త మంచం మీద కూకోని, సుట్ట అంటించి తెమ్మనీది. పొయ్యికాడ ఎలిగించి, ఆరిపోకుండా రొండు దమ్ములు లాగి ఇచ్చీదాన్ని. అలాగే వచ్చినాది నాకు."

నాకు ఒళ్ళు మండింది. "ఇలా అవుతుందని మీకు తెలిసి కూడా ఆరు నెలలు నా చేత అంటించారా? ముందే చెప్పొచ్చు కదా?"

"ఎన్నిసార్లు సెప్పబోనాను. నువ్వు సెప్పనిస్తేనా?"

గోడ అవతల రైలుబాబు దేనికి నవ్వాడో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుగు రాదు ఆయనకు.

నాకది మానడానికి ఇంకో ఏడాదిన్నర పట్టింది. మా అత్త మళ్ళీ చుట్ట పట్టలేదు. మొన్న ఫోన్లో ఎందుకని అడిగితే, "అంటించి ఇచ్చీవోళ్ళు ఏరే?" అంది. ఆ తెల్లటి గొట్టం ఇంకా నా వంటింటి డ్రాయర్లో, టేకవే మెనూల కింద ఉంది. చాలాకాలంగా వెలగదు. కొసన మా అత్త పంటి గాటు మాత్రం ఉంది. ఇప్పుడు ఎవరైనా నాతో ఏదో చెప్పబోతుంటే ఆ మెట్టు గుర్తొస్తుంది. నోరు మూసుకుని వింటాను. రెండు నిమిషాలైనా.