పిలిస్తే తిరగని పిల్ల

మదనపల్లెలో టమోటా మార్కెట్ యార్డుకు పోయే దారిలో ఒక ప్లేస్కూలు ఉంది. పుంగనూరు నుంచి రోజూ తొలి బస్సుకు వచ్చే సుమలత అందులో ఆయా. నలభై ఆరేళ్ల మనిషి. పిల్లల ముక్కులు తుడవడం, ముడ్లు కడగడం, కక్కింది ఎత్తడం ఎనిమిదేళ్లుగా ఆమె పని. టీచర్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరం జరిగేవాళ్లు.

కడిగే చేతులకు పిల్లలు బాగా తెలుస్తారు. ఎవడు మునివేళ్ల మీద నడుస్తాడో, ఎవరికి నాలుగేళ్లొచ్చినా గుండీ పెట్టుకోవడం చేతకాదో, ఎవరు ఆటల్లో కలవకుండా గోడ పక్కకు పోతారో సుమలత చెప్పగలదు. ఆమెను ఎవరూ అడగలేదు.

రేవతికి మూడేళ్లు. నాన్న మహేష్ మండీలో గుమస్తా, అమ్మ మాలతి బట్టల షాపులో పనిచేస్తుంది. పిల్ల చురుకైంది. గబగబా మెట్లెక్కేది, ఎదురుగా నవ్వితే నవ్వేది. వెనకనుంచి పిలిస్తే మాత్రం తిరిగేది కాదు. ఒక్క మాటా రాలేదు. ఒకరోజు దాని వెనకాలే స్టీలు పళ్లెం జారి గచ్చు మీద పడింది. మిగతా పిల్లలు ఉలిక్కిపడ్డారు. రేవతి చెక్కముక్కలు పేర్చుకుంటూనే ఉంది.

ఆ సాయంత్రమే సుమలత స్కూలు నడిపే ప్రదీప్ గదికి పోయింది.

“సార్, రేవతికి చెవులు ఇనపడతా లేవేమో. వాళ్లమ్మకు చెప్పండి సార్.”

“నువ్వేమన్నా డాక్టరువా? అడ్మిషన్ల టైములో యాల ఈ గోల? పొయ్యి బాత్రూములు సూడు.”

ఇంట్లో మొగుడు పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. సుమలత నోరు మూసుకుంది. నాలుగు నెలలు గడిచాయి.

మార్చిలో ప్రోగ్రెస్ కార్డులు వచ్చాయి. టీచరు సుష్మ ఫోనులో మాట్లాడుతూ, పిల్లల వైపు తలైనా ఎత్తకుండా వరసగా టిక్కులు పెడుతోంది. నేల తుడుస్తున్న సుమలతకు రేవతి కార్డు కనబడింది. నడక, బాగుంది. చేతిపని, బాగుంది. కలుపుగోలుతనం, బాగుంది. మాట, చిన్న చిన్న వాక్యాలు స్పష్టంగా చెబుతుంది.

సుమలత గుడ్డ చేతిలో పట్టుకునే లేచింది.

“ఏమ్మా, ఈ పాప నీతో ఏం మాట్లాడింది? ఒక్క మాట చెప్పు సూద్దాం.”

“అందరికీ ఒకటే రాయమన్నాడు సారు. నీకు యాల?”

సుమలత తుడిచే గుడ్డ బకెట్టులోకి విసిరికొట్టి, కార్డు తీసుకుని బయటికొచ్చే మాలతి కోసం గేటు దగ్గర నిలబడింది.

“అమ్మా, నీ బిడ్డను వెనకనుంచి పిలిచి సూడు. పలకదు.”

మాలతి మొహం ఎర్రబడింది. “వాళ్ల నాయనకూ మాటలు లేటుగానే వచ్చినాయంట. కార్డులో బాగుండాదని రాసుండారు కదా!”

“ఆ కార్డు ఉత్త అబద్ధం తల్లీ.”

మర్నాడే ప్రదీప్ సుమలతను పనిలోంచి తీసేశాడు. వారానికి మాలతి పుంగనూరులో ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పిల్ల పక్కనే కుక్కరు కూత పెట్టినా కదల్లేదని ఏడ్చింది. ఇద్దరూ పిల్లను తీసుకుని కుప్పంలో పెద్దాసుపత్రికి బస్సెక్కారు. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ చెప్పింది.

“రెండు చెవులకూ చాలా తక్కువగా వినిపిస్తోంది. మిషన్లు పెడదాం. ఇంకా ముందే తెచ్చుంటే బాగుండేది. ఇకనుంచి స్నానం చేయించేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు, ఎప్పుడూ దాని మొహంలోకి చూస్తూ మాట్లాడండి.”

మిషన్లు పెట్టి ఎనిమిది నెలలైంది. రేవతి ఇప్పుడు బస్సు హారనుకు తిరుగుతుంది. “మ్మ” అంటుంది, “తా” అంటుంది. అంతకుమించి ఇంకా రాలేదు. ఆ స్కూలువాళ్లు కొత్త బ్రాంచి తెరిచారు. ఆ పేరు వింటే సుమలత పక్కకు తిరిగి ఉమ్ముతుంది.

ఇప్పుడు ఆమె ఇంట్లోనే నలుగురు పిల్లల్ని చూసుకుంటోంది. ఆదివారాల్లో మాలతి రేవతిని తెస్తుంది. మొన్న వచ్చినప్పుడు, “నువ్వు చెప్పబట్టే కదమ్మా,” అంది.

“ఊరుకో. తెలిసీ నాలుగు నెలలు గమ్మునుండాను. తప్పు ఆ ప్రదీప్ ఒక్కడిదేనా? తల్చుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తాండాది.”

సుమలత అరటిపండు ఒలిచి రేవతికి ఎదురుగా కూర్చుని, “పండు,” అంది. పిల్ల ఆమె పెదాల వైపు చూసింది. సుమలత మళ్లీ, “పండు,” అంది.