అరుగు మీది తడిగుడ్డ

కోసిగిలో మా పక్కింటి చాచా పోయిన శుక్రవారం కన్నుమూశారు. కర్నూలు హాస్టల్లో ఉన్న నాకు అమ్మ ఫోన్ చేసి, "చాచా లేడు పాపా. అరుగు ఖాళీగా ఉండాది" అంది. నాకు వెంటనే ఆయన తడిగుడ్డ గుర్తొచ్చింది.

వేలిముద్ర పెడితే ఖాతాలోని డబ్బు తీసిచ్చే చిన్న అంగడి ఆయనది. మొదట్లో బస్టాండు పక్కన ఉండేది. సుగ్గికని ఊళ్లు దాటి వలసపోయి మిరపకాయలు కోసి వచ్చినవాళ్ల వేళ్లు అరిగిపోయి మిషనుకు అందవు. చాచా ముందు చార్జీ ఎంత అన్నది గట్టిగా చెప్పి, తర్వాత తుడుచుకోమని తడిగుడ్డ ఇచ్చేవారు. ఎంత తీసినా చార్జీ ఒకటే. డబ్బు రాకపోతే అదీ లేదు.

ఒకసారి మిషను ఎంతకీ పట్టకపోతే, "ఇంతసేపు తిప్పలు పడితివి, టీ డబ్బులన్నా తీసుకో చాచా" అంది ఒక అవ్వ.

"పని కాలేదు కదవ్వా. ఆ టీ నా గొంతు దిగదు."

"అయితే నాకే ఇప్పీ. నా గొంతు దిగుతాది."

ఇద్దరూ నవ్వుతూ టీ తాగారు. డబ్బులిచ్చింది చాచానే.

బాడుగ కట్టలేక అంగడి పోతుందేమోనని చాచీ దిగులు పడుతున్న రోజుల్లో, సెల్లులో అప్పులిచ్చే కంపెనీ మనిషి వచ్చాడు. జనాన్ని చేర్పిస్తే మంచి కమీషను ఇస్తానన్నాడు.

"వడ్డీ మీకు హరామ్ కదా చాచా. ఇందులో వడ్డీనే లేదు, ఉండేది ఫీజే."

"కట్టేది ఆలస్యమైతే?"

"రోజూ ఇంత పెరుగుతాది."

"నువ్వు ఏం పని చేసినావని పెరుగుతాదప్పా?"

అతను నవ్వాడు. చాచా టీ తాగించి పంపేశారు.

"లాభం తప్పా చాచా?" అని సెలవులకొచ్చి అక్కడే కూర్చున్న నేను అడిగాను.

"తప్పు కాదు బేటా. నేనూ దాంతోనే బతుకుతాండా. వచ్చేవాళ్లకు చార్జీ ముందే తెలియాల, నా పని కనపడాల. వాళ్ల కష్టం పెరిగే కొద్దీ నా లాభం పెరిగితే, వాళ్లు బాగుండాలని నేను దువా ఎట్ల చేస్తా?"

కామర్సు చదివే నాకు ఫీజు, వడ్డీ, లాభం అన్న మాటలు ఆ రోజే విడివిడిగా వినిపించాయి. ఆ నెలలోనే ఆయన అంగడి ఖాళీ చేసి మిషనును ఇంటి అరుగు మీదికి తెచ్చుకున్నారు. అంత దూరం అందరూ రాలేదు. వచ్చినవాళ్లకు చార్జీ మాత్రం మారలేదు.

నిన్న నేను వెళ్లేసరికి, సుగ్గి నుంచి అప్పుడే దిగిన ఒకామె అరుగు మీద కూర్చుని ఉంది. ఆమెకు సంగతి తెలియదు. తీగ మీద ఎండి బిరుసెక్కిన గుడ్డను తీసి చాచీకి అందిస్తూ, "తడిపియ్యమ్మా, చాచా వచ్చేలోపు తుడుచుకుంటా" అంది.

చాచీ గుడ్డను నీళ్లలో ముంచి, పిండి, మెల్లగా ఆమె చేతిలో పెట్టింది.